ఎర్ర టోపీ అల్లుడు

మార్కాపురం ఊరి బయట, త్రిపురాంతకం పోయే రోడ్డు పక్కన, కడుతున్న మూడంతస్తుల ఇల్లు. ముందరివైపు పైదాకా పరంజా. పొద్దున పది దాటింది. పరంజా కింద ఇద్దరు: మేస్త్రీ మాల్యాద్రి, ఇప్పుడే బస్సు దిగి వచ్చిన జైనాబీ.

“ఇంకెవురూ వద్దన్నా. నాకు ఆ పిల్లోడే కావాల.”

“ఏ పిల్లోడక్కా? నా కింద ఎనిమిది మంది ఉండారు.”

“అదిగో, మూడో అంతస్తు కాడ. ఎర్ర ప్లాస్టిక్కు టోపీ పెట్టుకోని, పడకుండా నడుముకు బెల్టు కట్టుకోని, రోడ్డుకల్లా చూస్తా నిలబడుండాడే. ఆ పిల్లోడు.”

“ఎర్ర టోపీనా?”

“ఎర్ర టోపీనే.”

“బెల్టా?”

“బెల్టే! ఏందన్నా, నీ మనుషులు నీకే తెలీదా?”

“తెలుసక్కా, తెలుసు. తెలీకపోవడమేంది. అయితే... వాడితో నీకేం పని?”

“మా గుల్నాజ్‌ను ఇద్దామని.”

“ఇద్దామనంటే?”

“ఇద్దామనంటే పెళ్లన్నా! నిఖా! ఏంది, అట్ల కూలబడినావు? ఇటుకలు గుచ్చుకుంటాయి, లే.”

“ఏం లేదక్కా, ఎండ. కొంచెం ఎండ దెబ్బ. వాడికే ఇస్తావా? ఆ పైనుండేవాడికి?”

“వాడికే. నా పేరు జైనాబీ. మాది త్రిపురాంతకం. ఈడ మార్కాపురంలో గుడ్డల దుకాణంలో జాకెట్లు కుడతా. పొద్దున బస్సులో వస్తా, సాయంత్రం బస్సులో పోతా. పది రోజులుగా పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ కిటికీలోంచి ఈ బిల్డింగునే చూస్తాండా. ఈ రోజు దుకాణానికి సెలవు పెట్టి మరీ వచ్చినా.”

“బిల్డింగును చూస్తే బిల్డింగు నచ్చాల గానీ...”

“విను ముందు. మా పిల్ల గుల్నాజ్ మా ఊళ్లో ప్రైవేటు స్కూల్లో టీచరు. పోయినేడు ఆ స్కూలు గోడలకు ప్లాస్టరింగ్ చేయను ఒక పిల్లోడు వచ్చినాడంట. పేరు ఖాలిద్ అంట. గోడ ఆరేలోపల వీళ్లిద్దరికీ మాటలు కలిసినాయంట. చేసుకుంటే వాడినే చేసుకుంటా అంటాంది.”

“మన ఖాలిదా! ఓరి నీ... అందుకేనా ఆ స్కూలు ప్రహరీ గోడ పది రోజుల పని నెల రోజులు చేసినాడు!”

“ఆఁ, మీ ఖాలిదే. ఫొటో చూపిస్తా అమ్మీ అనింది. నాకొద్దు అంటి. ఫొటోలో అందురూ మంచోళ్లే. మనిషిని పనిలో చూడాల.”

“పనిలో చూసినావు.”

“చూసినా. మిగతావాళ్లు బోడి తలకాయల్తో, లుంగీలు ఎగ్గట్టుకోని, గుంజ పట్టుకోని ఎక్కేదీ దూకేదీ. ఆ పిల్లోడొక్కడికే టోపీ, బెల్టు. వీడే ఖాలిద్ అయ్యుంటాడు అనుకున్నా. నా కూతురు తెలివైంది, తెలివి తక్కువోడిని చూసుకోదు గదా. ఏమన్నా, వాడే గదా?”

“వాడే... అంటే...”

“వాడు కాదా? కాకపోతే చెప్పు, తరవాతి బస్సుకు పోతా. గుల్నాజ్ ఏడ్చినా సరే, మూడు రోజులు అన్నం తినకపోయినా సరే, బెల్టు లేకుండా పరంజా ఎక్కేవాడికి మాత్రం నా బిడ్డను ఇయ్యను. అల్లా మీద ఒట్టు.”

“ఒట్లెందుకక్కా, ఒట్లెందుకు! వాడే! వాడే ఖాలిద్!”

“చూసినావా! నేనన్లా!”

“అన్నావక్కా. నీ కన్నే కన్ను.”

“తాగుతాడా?”

“ఎవురు? వాడా? మంచినీళ్లు కూడా తాగడు.”

“గుట్కా?”

“నోరు తెరవంగా నేను చూడలేదు.”

“సెల్లు? ఈ కాలం పిల్లోళ్లకు చేతిలో సెల్లు లేకపోతే ఊపిరాడదు.”

“వాడి చేతిలో సెల్లు చూసుంటే నా కండ్లు పోవాల.”

“కోపం?”

“కాకి వచ్చి తల మీద కూర్చున్నా ఏమీ అనడు.”

“అది నేనూ చూసినా! మొన్న పొద్దున కాకి కూర్చోనుండె. తోలనే తోల్లేదు. అబ్బ, ఏం ఓర్పురా ఈ బిడ్డకు అనుకున్నా.”

“ఓర్పంటే వాడిదేనక్కా.”

“టీకి కూడా దిగడే?”

“దిగడు.”

“అన్నానికి?”

“దిగడు.”

“మరి ఎప్పుడు దిగతాడన్నా?”

“గృహప్రవేశానికి... అంటే, పని ముగిసినాక దిగతాడక్కా. మధ్యలో దిగే అలవాటు లేదు.”

“ఆరోగ్యం గట్టిదేనా? దూరానికి కొంచెం సన్నంగా కనపడతాడు.”

“లోపలంతా గడ్... గట్టేనక్కా. చూసేదానికి అట్ల కనపడతాడు.”

“నాయనా అమ్మా ఉండారా?”

“నాయన లేడు. అమ్మ ఉంది, కంభంలో. అది మాత్రం నిజం.”

“మిగతాది అబద్ధమా?”

“ఛ ఛ! అదీ నిజమే, ఇదీ నిజమే. పిల్లోడు బంగారమక్కా, అది నేను గుండె మీద చెయ్యేసుకోని చెప్తా. పదహారేళ్లప్పుడు నా కాడికి వచ్చినాడు. ఇప్పుడు ఇరవై ఆరు. తాపీ పట్టుకుంటే గోడ అద్దం మాదిరి వస్తుంది. ఏడాదిగా ఎవురినో తల్చుకోని నవ్వుకుంటా ఉంటే ఎవురో అనుకుంటి, మీ గుల్నాజే అని ఇప్పుడు తెలిసింది. నువ్వు కాదంటే వాడు మనిషి కాకుండా పోతాడు.”

“అట్లయితే ఒకసారి కిందికి పిలువు. మాట్లాడతా.”

“పిలిస్తే పలకడక్కా.”

“ఏం?”

“పనిలో ఉంటే వానికి ఏమీ వినపడదు.”

“నా గొంతు వినపడకపోవడమేంది? బస్సును ఆపే గొంతు ఇది. ఓ ఖాలిద్! బేటా! ఖాలి...ద్!”

“ఆఁ! వస్తి! వస్తి! ఎవురు పిలిచినారు?”

“ఏయ్! నిన్నెవురు పిలిచినార్రా రాజ్ కుమార్!”

“రాజ్ కుమారా? రాజ్ కుమార్ ఎవురు మామా?”

“నువ్వేరా! టీ ఆడ పెట్టి పో. ఈమెతో నేను మాట్లాడతాండా.”

“ఎవురన్నా ఈ పిల్లోడు? ఖాలిద్ అని పిలిస్తే ఇల్లు వెనక నుంచి పలుకుతాండాడు?”

“ఈడు రాజ్ కుమార్ అక్కా. ఖాలిద్‌కు బాగా స్నేహం. వాడికి వినపడదు గదా, వాడి బదులు ఈడు పలుకుతాడు.”

“సలాం ఖాలా.”

“రాజ్ కుమార్‌కు సలాములు కూడా వచ్చే! పిన్నమ్మను ఖాలా అనేది కూడా వచ్చే!”

“ఖాలిద్ నేర్పించినాడక్కా.”

“నోరు తెరవడంటివే?”

“తెరవడు. సైగలతో నేర్పించినాడు.”

“ఏం రాజ్ కుమార్, నీ అవతారం ఏంది నాయనా? తల మీద టోపీ లేదు. నడుముకు బెల్టు లేదు. కాళ్లకు హవాయి చెప్పులు. చొక్కా జేబులో సెల్లు. నువ్వు కూడా పరంజా ఎక్కుతావా?”

“ఎక్కతా ఖాలా. రోజూ.”

“ఇట్లనే?”

“ఇట్లనే.”

“చూడు, పైన మీ ఖాలిద్‌ను చూసి బుద్ధి తెచ్చుకో. నా కూతురు వాడిని కోరుకుందంటే ఊరికే కోరుకోలేదు.”

“పైన ఖాలిదా? మామా, పైన ఖాలిద్ ఎవురు?”

“అక్కా! నీకు దాహంగా లేదా? ఎండన పడి వచ్చినావు. అదిగో ఆ మూల కుళాయి ఉంది, చల్లటి నీళ్లు. మొకం కడుక్కో. నిదానంగా కడుక్కో. చేతులు కూడా కడుక్కో.”

“కడుక్కుంటా. రెండు నిమిషాల్లో వస్తా. ఈలోగా పైవాడికి చెప్పు, నేను వచ్చినానని.”

“పోయిందా?”

“పోయింది మామా. ఏంది ఇదంతా? నన్ను రాజ్ కుమార్ అంటావేంది? ఆమె ఎవురో తెలుసా నీకు? గుల్నాజ్ వాళ్ల అమ్మ! ఫొటోలో చూసినా! ఈ సిమెంటు చేతుల్తోనే సలాం చెప్పినా, చూడు!”

“చేతులు తరవాత కడుక్కో లే. ఆమె నిన్ను చూసే వచ్చింది.”

“నన్నా!”

“నిన్ను కాదు. దిష్టిబొమ్మను.”

“ఆఁ?”

“ఓబులయ్య పాత ప్యాంటులో గడ్డి కూరి మనం కట్టలేదా పైన? దానికి నీ టోపీ, నీ బెల్టు తగిలించినావు గదా, నీ పుణ్యమా అని? అది నువ్వే అనుకుంటాంది. పది రోజుల నుంచి బస్సులోంచి చూసి మురిసిపోతాంది. బెల్టు కట్టేవాడికే పిల్లను ఇస్తుందంట. లేకపోతే ఇయ్యదంట. అల్లా మీద ఒట్టు కూడా పెట్టింది.”

“యా అల్లా!”

“అల్లాను తరవాత పిలువు. మెట్ల మీంచి పైకి పో. కిటికీలోంచి బయటికి వచ్చి, బొమ్మను లోపలికి లాగి, టోపీ పెట్టుకో, బెల్టు కట్టుకో, దాని జాగాలో నిలబడు.”

“బొమ్మ జాగాలోనా?”

“రెండు నిమిషాలు నిలబడు. ఆమె చూస్తుంది, సంతోషపడి పోతుంది. తరవాత దిగొచ్చి పెళ్లి చేసుకో.”

“అబద్ధం గదా మామా?”

“అబద్ధమేంది? టోపీ నీది, బెల్టు నీది, పిల్లా నీదే. ఉరుకు!”

“ఉరుకుతాండా!”

“సెల్లు!”

“ఏం సెల్లు?”

“జేబులోంచి తీయి! నీకు సెల్లు లేదు. నువ్వు నీళ్లు కూడా తాగవు. పో!”

“అన్నా, మొకం కడుక్కున్నా. చల్లగా ఉండాయి నీళ్లు. రాజ్ కుమార్ ఏడీ?”

“సిమెంటుకు పోయినాడక్కా.”

“ఇప్పుడే గదా ఈడ ఉండె? అరే, అన్నా, అన్నా! పైన చూడు! ఖాలిద్ లోపలికి పోతాండాడు! ఎవురో లాగుతాండారు వాడిని!”

“ఎవురూ లేదక్కా. నీళ్లు తాగను పోయినాడేమో.”

“తాగడంటివే?”

“ఈ రోజు తాగినాడు. నువ్వు వచ్చినావని.”

“వచ్చినాడు, వచ్చినాడు! బయటికి వచ్చినాడు! అయినా... ఇందాకటి కన్నా పొట్టి అయినాడే?”

“ఎండకక్కా.”

“ఎండకు మనుషులు పొట్టి అవుతారా?”

“మూడో అంతస్తులో ఎండ ఎక్కువ.”

“కాళ్లకు హవాయి చెప్పులు ఉండాయే. అచ్చం రాజ్ కుమార్‌వి మాదిరి.”

“ఇద్దురూ ఒక్క దుకాణంలోనే కొనుక్కున్నారు.”

“మరి ఆ కిటికీలోంచి బయటికి పొడుచుకోని ఉండాయే, ఆ రెండు కాళ్లు ఎవరివి?”

“ఏ కాళ్లు? ఓ, ఆ కాళ్లా? రాజ్ కుమార్‌వి. పడుకున్నాడు.”

“సిమెంటుకు పోయినాడంటివే!”

“తెచ్చి అలిసిపోయినాడక్కా.”

“అబ్బ, మీ బిల్డింగులో పనులు ఎంత బిరాన అవుతాయన్నా! సరే, నేను మాట్లాడతా వాడితో. ఖాలిద్! బేటా! వినపడుతుందా?”

“వినపడతాంది ఖాలా! సలామలేకుం!”

“వాలేకుం సలాం! గొంతు కూడా రాజ్ కుమార్‌దేనే అన్నా. సరేలే. బేటా, నేను గుల్నాజ్ వాళ్ల అమ్మను!”

“తెలుసు ఖాలా!”

“ఒకటి అడుగుతా చెప్పు! నీ బెల్టు కొక్కెం యాడ తగిలించినావు?”

“కొక్కెమా ఖాలా?”

“కొక్కెం! బెల్టుకు తాడు ఉంటుంది, తాడు కొసకు కొక్కెం ఉంటుంది! అది యాడ తగిలించినావు?”

“అది... జేబులో ఉంది ఖాలా!”

“జేబులోనా! జేబు నిన్ను పట్టుకుంటుందా బేటా?”

“ఇప్పుడే ఈ అడ్డగుంజకు తగిలిస్తా!”

“వద్దు! అది తాడుతో కట్టిన గుంజ. నువ్వు పడితే అదీ నీతోపాటే వస్తుంది. నీ ఎనక సిమెంటు పిల్లరు ఉంది గదా? ఆడ లావు తాడు ఏమైనా ఉందా?”

“ఉంది ఖాలా, బకెట్లు లాగే తాడు! కొత్తది!”

“అది పిల్లరు చుట్టూ రెండు చుట్లు తిప్పి గట్టిగా ముడెయ్యి! నీ తలకాయ కన్నా పైన ఉండాల! దానికి తగిలించు! అన్నా, నువ్వు ఏం చూస్తాండావు? చెప్పు వాడికి, ముడి ఎట్ల వేయాలో.”

“వాడికి తెలుసక్కా. నీకు ఇదంతా ఎట్ల తెలుసు?”

“మా ఆయనా మేస్త్రీనే అన్నా. గిద్దలూరులో బిల్డింగు మీంచి పడి పోయినాడు. గుల్నాజ్‌కు అప్పుడు తొమ్మిదేళ్లు. ఒక్క నిమిషం పని, ఇట్ల పోయి అట్ల వస్తా అని ఎక్కినాడంట.”

“అయ్యో. అక్కా...”

“ఆ రోజు నుంచి పరంజా యాడ కనపడినా నేను కింద నుంచి పైదాకా చూడకుండా పోలేను. బస్సులో పోతాన్నా సరే. నవ్వుతారు నన్ను. నవ్వితే నవ్వనీ. బేటా! అయిందా?”

“అయింది ఖాలా! తగిలించినా!”

“గుంజి చూడు!”

“గుంజినా! గట్టిగా ఉంది!”

“ఇంకా గట్టిగా గుంజు! పెళ్లి చేసుకునేవాడివి, ఆ మాత్రం బలం లేదా! అన్నా, నువ్వు ఇట్ల రా. ఈ గుంజ కింద ఏముంది?”

“మట్టి ఉందక్కా.”

“మట్టి కాదు, బురద. గోడలకు నీళ్లు పట్టి పట్టి ఇదంతా మెత్తబడింది. నేను వేలు పెడితే వేలు దిగతాంది చూడు. మూడంతస్తుల బరువు దీని మీద పెట్టి గుంజ కింద ఒక చెక్క ముక్క కూడా పెట్టలేదు. ఇది దిగబడితే?”

“పెడతామక్కా. సాయంత్రం పెడతాం.”

“సాయంత్రమా? నా అల్లుడు పైన ఉంటే సాయంత్రమా?”

“అల్లుడా! అల్లుడన్నావా అక్కా! ఒరే ఖాలిద్! ఖాలా అల్లుడనింది!”

“నిజమా ఖాలా!”

“ఎగరవాకు! ఎగరవాకు! పరంజా మీద ఉండావు! అన్నా, ఇద్దురు మనుషుల్ని పిలువు. నాలుగు గుంజల కిందా వెడల్పు చెక్కలు పెట్టించు. మొన్న గాలివాన వచ్చిందే, ఆ తరవాత తాళ్లు చూసినారా?”

“చూసి... చూద్దామనుకున్నాం.”

“చూడనేలేదు. ఆ మూల ముడి ఊడి వేలాడతాంది, నాకే కనపడతాంది. కట్టించు. నేను ఈ ఇటుకల మీద కూర్చుంటా. నాకు తొందరేం లేదు.”

“ఏయ్ ఓబులయ్యా! చెక్కలు తే! తాళ్లు తే! సంబంధం మాట్లాడను వచ్చింది అనుకుంటి, ఈమె ఇల్లంతా మళ్లీ కట్టించేటట్టుంది!”

“ఖాలిద్ బేటా! నీ కాళ్ల కింద ఎన్ని చెక్కలు ఉండాయి?”

“రెండు ఖాలా!”

“కొసలు కట్టినారా?”

“కట్టినట్టే ఉంది ఖాలా!”

“ఉన్నట్టే ఉందా, ఉందా?”

“ఒక్క నిమిషం! చూస్తా! ఈ కొసన తాడు ఉంది! ఆ కొసన పోయి చూసి వస్తా, ఒక్క నిమిషం!”

“ఒక్క నిమిషం అనవాకు నా ముందర! మోకాళ్ల మీద పో! నిలబడి పోవాకు!”

“ఏం కాదు ఖాలా, ఇట్ల పోయి అట్ల... ఆఁ! మామా! మామోవ్!”

“ఖాలిద్!”

“చెక్క! చెక్క లేచింది! అక్కా జరుగు! జరుగక్కా, కింద పడతాంది!”

“నా బిడ్డ! వాడేడి? అన్నా, వాడేడి? నేను కండ్లు తెరవను, చెప్పు, వాడేడి?”

“ఉండాడక్కా! ఉండాడు! పడిందంతా చెక్కే!”

“అబద్ధం చెప్పవాకు!”

“కండ్లు తెరిచి చూడు! బెల్టు పట్టుకునింది! గాల్లో ఊగతాండాడు, ఉయ్యాల్లో పిల్లోడి మాదిరి!”

“మామా! నేను బతికే ఉండానా?”

“ఉండావురా నాయనా! అరుస్తాండావు గదా! కిటికీ పట్టుకో! ఎడమ చేతికల్లా, కిటికీ అంచు!”

“పట్టుకున్నా!”

“కొక్కెం ఇప్పవాకు బేటా! లోపల రెండు కాళ్లూ పెట్టేదాకా ఇప్పవాకు!”

“ఇప్పను ఖాలా! సచ్చినా ఇప్పను! నిఖాకు కూడా దీంతోనే వస్తా!”

“లోపలికి పోయినాడా?”

“పోయినాడు. అమ్మయ్య. అక్కా, నువ్వు ఏడుస్తాండావా నవ్వుతాండావా?”

“నాకే తెలీట్లేదన్నా. నా చెయ్యి వదులు, ఇరగ్గొట్టేటట్టు పట్టుకున్నావు.”

“నేను కాదక్కా, నువ్వే నా చెయ్యి పట్టుకున్నావు.”

“అవునా. సరేలే. వాడిని దిగమను.”

“దిగతాండాడు. మెట్ల మీద చప్పుడు వినపడతాంది. అయ్యో. అయ్యయ్యో. ఒరే, దాన్ని ఎందుకురా కిందికి తెస్తాండావు! తిప్పు! ఎనక్కి తిప్పు!”

“తిప్పను మామా. ఇంక చాలు. ఖాలా, ఇదిగో.”

“ఏంది నాయనా, భుజాన?”

“నువ్వు పది రోజులు బస్సులోంచి చూసిన ఖాలిద్ ఇదే. దిష్టిబొమ్మ. లోపల వరిగడ్డి. ప్యాంటు ఓబులయ్యది. టోపీ, బెల్టు నావి.”

“నీవా?”

“నావే. ఇల్లుగల ఆయన నాగభూషణరావు గారు ఎనిమిది మందికీ కొనిచ్చినారు. ఏడు సిమెంటు రూములో గోనెసంచిలో ఉండాయి. మొదటి రోజు నేనొక్కడినే కట్టుకున్నా. వీళ్లంతా చూడండ్రా, వడ్డాణం పెట్టుకున్నాడు అని నవ్వినారు. నాకు సిగ్గేసి తీసి ఈ బొమ్మకు కట్టినా. ఇంజినీరు సారు రోడ్డు మీద నిలబడి ఫొటో తీసుకోని పోయినాడు. మాకు భలే నవ్వొచ్చింది ఆ రోజు.”

“ఇప్పుడు?”

“ఇప్పుడు నవ్వు రావట్లేదు ఖాలా. నువ్వు అడగకపోయుంటే కొక్కెం నా జేబులోనే ఉండేది. నేను ఆ ఇటుకల మీద ఉందును. నేను ఒక్కరోజు కూడా బెల్టు కట్టుకోని పని చెయ్యలేదు, అది నిజం. రాజ్ కుమార్ అనేవాడు లేడు. నేనే ఖాలిద్. గుల్నాజ్ అంటే నాకు ప్రాణం. అయినా అబద్ధం చెప్పి మాత్రం చేసుకోను. నువ్వు పొమ్మంటే పోతా.”

“తప్పు నాదక్కా. వాడిని పైకి ఎక్కించింది నేను. మేస్త్రీని నేను, నేను కట్టుకుంటే వాళ్లూ కట్టుకుందురు. నన్ను తిట్టు. వాడిని వదిలెయ్.”

“బొమ్మను కింద పెట్టు నాయనా.”

“పెట్టినా.”

“బెల్టు ఎందుకు ఇప్పుతాండావు? ఉండనీ. నీ నడుముకే బాగుంది.”

“ఖాలా?”

“శుక్రవారం నమాజ్ అయినాక మీ అమ్మను తోలుకోని మా ఇంటికి రా.”

“ఖాలా!”

“కాళ్లు మొక్కవాకు, లే. గడ్డి అంటుతాంది నాకు. అన్నా, ఆ గోనెసంచి ఇప్పించు. రేపు పొద్దున బస్సులో వచ్చేటప్పుడు నాకు ఎనిమిది టోపీలు కనపడాల. తొమ్మిదోది నీ తల మీద.”

“తొమ్మిది కాదక్కా, పది పెట్టిస్తా! కుక్కకు కూడా పెట్టిస్తా! ఒరే ఓబులయ్యా, సంచి తే! ఖాలిద్ పెళ్లి! అక్కా, బిర్యానీకి మా మనుషులంతా వస్తారు, చెప్తాండా, బెల్టులు కట్టుకోనే వస్తాం!”

“రండి. బెల్టులు కట్టుకుంటే తక్కువ తింటారు.”

“ఖాలా, గుల్నాజ్‌కు ఫోన్ చేసేదా?”

“సెల్లు లేదంటిరే నీకు?”

“మామ దగ్గర పెట్టినా ఖాలా.”

“చేసుకో పో. నీడకు పోయి చేసుకో. చెక్క పడిన సంగతి మాత్రం చెప్పవాకు, దడుచుకుంటుంది. శుక్రవారం నేనే చెప్తా.”

“అక్కా, ఒక మాట అడగనా? ఇంత మోసం చేస్తిమే మేము. నీకు కొంచెం కూడా కోపం రాలేదా?”

“మోసపోతే గదన్నా కోపం. అది బొమ్మని మొదటి రోజే తెలుసు నాకు.”

“మొదటి రోజే? మరి ఇందాక కాకి, ఓర్పు, ఎండకు పొట్టి అయినాడని...”

“నవ్వు ఆపుకోలేక సచ్చినా. కుళాయి కాడికి పోయింది మొకం కడుక్కోను అనుకున్నావా? నవ్వను పోయినా. మీరు వాడికి ఒక్కసారన్నా ఆ బెల్టు కట్టిస్తారా లేదా చూద్దామని వచ్చినా.”

“బస్సులోంచి ఎట్ల కనిపెట్టినావక్కా? రోడ్డు మీద నిలబడి ఫొటో తీసుకున్న ఇంజినీరు సారుకే తెలీలేదే!”

“మా ఆయన పడిన రోజు నేను గిద్దలూరు పోయి చూసినా అన్నా. ఆయన కింద ఇసకలో పడుండాడు. పైన దిష్టిబొమ్మ ఆయన బెల్టు కట్టుకోని నిలబడుండె.”